రానున్న జంప్ రేసుల కాలం: అంచనాలు ఎలా పుడతాయి, ఎందుకు తప్పుతాయి

గుర్రప్పందెం అనగానే మన ప్రాంతాల వారికి స్ఫురించేది చదును నేలపై పరుగు. బెంగళూరు, హైదరాబాదు, ముంబయి మైదానాలు మనకు పరిచయం చేసినది ఆ పందెమే. ఇంగ్లండు, ఐర్లండు దేశాలలో దానికి సమానంగా ఆదరణ పొందిన మరొక రకం పందెం ఉన్నది. అందులో గుర్రం పరుగెత్తితే చాలదు, దారిలో నిలిపిన కంచెలను దూకుతూ సాగాలి. దీనినే జంప్ రేసింగ్ అంటారు. అధికారిక భాషలో దీని పేరు నేషనల్ హంట్. ఏటా శరదృతువులో, అనగా అక్టోబరు నెలలో, ఈ పందేల అసలు కాలం మొదలవుతుంది. అప్పటికే అక్కడి పత్రికలు ఆ ఏడాది ఏ గుర్రం ఏ పందెం గెలుస్తుందో జోస్యాలు ప్రకటించి ఉంటాయి. ఆ జోస్యాలు ఇప్పుడు సముద్రాలు దాటి మన పల్లెల్లోని సెల్‌ఫోన్లకు కూడా చేరుతున్నాయి. వాటి వెనుక ఉన్న లెక్క ఏమిటో, ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో తెలిసి ఉండడం అవసరం.

గోపురం నుంచి గోపురానికి

ఈ పందెం పుట్టుక 1752 నాటిదని చెబుతారు. ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో కార్నీలియస్ ఓ కాలహన్, ఎడ్మండ్ బ్లేక్ అనే ఇద్దరు బటెవంట్ చర్చి నుంచి డోనరైల్ చర్చి వరకు, సుమారు నాలుగున్నర మైళ్లు, గుర్రాలపై పోటీ పడ్డారు. దారి అంటూ నిర్ణయించలేదు. దూరాన కనిపించే చర్చి గోపుర శిఖరమే గుర్తు. అడ్డొచ్చిన పొలం గట్లు, రాతి గోడలు, వాగులు అన్నిటినీ దూకుతూ పోవాలి. ఆంగ్లంలో చర్చి శిఖరాన్ని స్టీపుల్ అంటారు గనుక ఆ పందేనికి స్టీపుల్‌చేజ్ అని పేరు వచ్చింది. పొలాలకు అడ్డంగా పడి పోయిన ఆ పందెమే కాలక్రమంలో మైదానాలలోకి, నిర్ణీత కంచెల మధ్యకు వచ్చింది.

నేడు ఇందులో ప్రధానంగా రెండు తరగతులు. హర్డిల్ పందేలలో అడ్డంకులు తేలికైనవి, తగిలితే వంగుతాయి, ఎత్తు కనీసం మూడున్నర అడుగులు. చేజ్ పందేలలో కంచెలు దట్టమైనవి, కనీసం నాలుగున్నర అడుగులు. గుర్రం సాధారణంగా ముందు హర్డిల్స్‌లో పాఠాలు నేర్చి, తర్వాత చేజ్‌లకు ఎదుగుతుంది. దూరాలు రెండు మైళ్ల నుంచి నాలుగు మైళ్ల పైదాకా ఉంటాయి.

ఇక్కడ మన రైతులకు వెంటనే అర్థమయ్యే విషయం ఒకటి ఉన్నది. ఈ గుర్రాలలో అత్యధికం విత్తు కొట్టినవి. చదును పందేల గుర్రం మూడు నాలుగేళ్ల వయసులో కీర్తి పొంది, సంతానోత్పత్తికి వెళ్లిపోతుంది. జంప్ గుర్రానికి ఆ ఆకర్షణ లేదు గనుక పది పన్నెండేళ్ల వయసు వరకు మైదానంలోనే ఉంటుంది. అందుచేత జనం దానిని ఏళ్ల తరబడి చూస్తారు, దాని స్వభావం ఎరుగుతారు, దాని పేరు పిల్లలకు కూడా తెలుస్తుంది. రెడ్ రమ్ అనే గుర్రం 1973లో, 1974లో, మళ్లీ 1977లో గ్రాండ్ నేషనల్ గెలిచింది. మూడోసారి గెలిచేనాటికి దాని వయసు పన్నెండు. మధ్యలోని రెండేళ్లలోనూ రెండో స్థానం దానిదే. అంచనాలు కట్టే వారికి ఇలాంటి దీర్ఘకాల పరిచయమే మూలధనం.

కాలపట్టిక

కాగితం మీద బ్రిటన్‌లో ఈ పందేల ఏడాది ఏప్రిల్ చివర ముగిసి, వెంటనే మరొకటి ఆరంభమవుతుంది. వేసవి పందేలకు పెద్ద గుర్రాలు రావు. వానలు పడి నేల మెత్తబడిన తర్వాతనే వాటిని బయటకు తీస్తారు. నవంబరులో హేడాక్, న్యూకాజిల్ మైదానాలు, డిసెంబరు ఆరంభంలో శాండౌన్, క్రిస్మస్ మరునాడు కెంప్టన్‌లో కింగ్ జార్జ్ చేజ్, అదే వారంలో ఐర్లండులో లెపర్డ్స్‌టౌన్. ఫిబ్రవరిలో డబ్లిన్ ఉత్సవం. మార్చిలో చెల్టెన్‌హామ్ ఉత్సవం నాలుగు రోజులు, 28 పందేలు. ఏప్రిల్‌లో లివర్‌పూల్ సమీపంలోని ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్, ఈస్టర్ సోమవారం ఐర్లండు గ్రాండ్ నేషనల్, ఆపై పంచెస్‌టౌన్. అక్టోబరులో చెప్పే జోస్యాలన్నీ ప్రధానంగా మార్చి, ఏప్రిల్ నెలల మీద గురిపెట్టినవే. నడుమ ఐదారు నెలలు ఉన్నాయన్న సంగతి జోస్యం చెప్పేవారు సాధారణంగా గట్టిగా చెప్పరు.

గుర్రం చరిత్రను చదివే విధానం

జోస్యానికి మొదటి ఆధారం ఫారం, అనగా గుర్రం గత పందేల చిట్టా. అది పేరు పక్కన అంకెలు, అక్షరాల వరుసగా ఉంటుంది. ఎడమ పక్కన పాతవి, కుడి పక్కన కొత్తవి. 1, 2, 3 అంటే ఆయా స్థానాలు. ఎఫ్ అంటే కంచె దగ్గర గుర్రం పడిపోయింది. యు అంటే గుర్రం నిలబడింది కాని రౌతు జారిపడ్డాడు. పి అంటే అలసిపోయిందనో, గెలవదనో రౌతే మధ్యలో ఆపేశాడు. అడ్డగీత గత ఏడాదిని ఈ ఏడాదినుంచి వేరు చేస్తుంది. ఏటవాలు గీత ఉంటే అంతకు ముందటి ఏడాది అని అర్థం, అనగా గుర్రం చాలాకాలం పందెంలోకి రాలేదన్న మాట. అనుభవజ్ఞులు అంకెలకంటె ఈ గీతలను ముందు చూస్తారు. కాలి నరం దెబ్బతిని ఏడాదిపాటు విశ్రాంతి తీసుకున్న గుర్రం పేరు పక్కన ఉండేది ఆ ఏటవాలు గీతే.

రెండవది నేల. గట్టి నేల, మంచి నేల, మెత్తని నేల, బురదగా బరువైన నేల అని అక్కడ తరగతులు కట్టి, పందెంనాటి ఉదయం ప్రకటిస్తారు. గట్టి నేలపై ఎగిరే గుర్రం బురదలో కూరుకుపోవచ్చును. బురదలో బలం చూపే గుర్రానికి పొడి నేలమీద వేగం చాలకపోవచ్చును. మన వైపు బండలాగుడు పోటీలలో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని జతలను విభజించి దింపుతారు. అక్కడ చూడవచ్చే పెద్దలు ఎద్దుల జబ్బలు చూసి తలలూపినా, బరి మట్టిని చూడకుండా గెలుపు మాట పైకి అనరు. అక్టోబరులో కూర్చుని మార్చి నెల నేలను చెప్పగలిగిన వారు మాత్రం ఎక్కడా లేరు.

మూడవది బరువు. గ్రాండ్ నేషనల్ వంటి పందేలు హాండిక్యాప్ పద్ధతిలో నడుస్తాయి. ప్రతి గుర్రానికి అధికారులు సామర్థ్యాన్ని బట్టి ఒక అంకె కేటాయిస్తారు. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క పౌను బరువు. 150 అంకె గల గుర్రం 140 అంకె గల గుర్రంకంటె పది పౌన్లు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు, అదనంగా మోయాలి. జీనులో సీసపు పలకలు పెట్టి ఆ బరువు సరిచేస్తారు. సిద్ధాంతరీత్యా అన్ని గుర్రాలూ ఒకేసారి గమ్యం చేరాలన్నది దాని ఉద్దేశం. కనుక హాండిక్యాప్ పందెంలో ఉత్తమమైన గుర్రాన్ని కనిపెట్టడం ప్రయోజనం లేని పని. అధికారులు తక్కువగా అంచనా వేసిన గుర్రాన్ని కనిపెట్టాలి. శిక్షకులు కూడా ఆ సంగతి ఎరుగుదురు గనుక తమ గుర్రం బలాన్ని తొందరపడి బయటపెట్టరు.

శిక్షకుడు ఎవరన్నది ఇటీవలి కాలంలో వీటన్నిటికంటె పెద్ద ఆధారమైపోయింది. ఐర్లండుకు చెందిన విల్లీ మల్లిన్స్ 2024 మార్చిలో చెల్టెన్‌హామ్ ఉత్సవంలో తన నూరవ విజయం సాధించారు. 2023-24లో బ్రిటన్ అగ్రశిక్షకుడి బిరుదును కూడా గెలిచారు. ఐర్లండులో ఉండి ఆ బిరుదు పొందినవారు 1954లో విన్సెంట్ ఓబ్రయన్ తర్వాత ఆయనే. మరుసటి ఏడాది కూడా చివరి రోజున డాన్ స్కెల్టన్‌ను దాటి దానిని నిలుపుకొన్నారు. 2025 గ్రాండ్ నేషనల్‌లో మొదటి మూడు స్థానాలూ ఆయన గుర్రాలవే. అయితే ఇందులో ఒక తిరకాసు ఉన్నది. ఒకే పందెంలో ఒకే శాల నుంచి నాలుగైదు గుర్రాలు దిగినప్పుడు, శాల గెలుస్తుందని చెప్పడం సులువు, ఏ గుర్రం గెలుస్తుందో చెప్పడం కష్టం. ఆ 2025 పందెంలో గెలిచిన నిక్ రాకెట్ ధర 33కి 1. దానిపై స్వారీ చేసినవాడు మల్లిన్స్ కుమారుడు ప్యాట్రిక్, వృత్తి జాకీ కూడా కాదు, ఔత్సాహికుడు. ఎన్నో విజయాలు చూసిన తండ్రి ఆనాడు కెమెరాల ముందు కన్నీరు ఆపుకోలేకపోయారు.

ధరల లెక్క

33కి 1 అంటే ఒక రూపాయి కట్టి గెలిస్తే 33 రూపాయల లాభం, కట్టిన రూపాయి వెనక్కు. 1కి 2 అంటే రెండు రూపాయలు కడితే ఒక్క రూపాయి లాభం, అనగా ఆ గుర్రం తప్పక గెలుస్తుందని లోకం నమ్ముతున్నదన్న మాట. అందరికంటె తక్కువ ధర గల గుర్రాన్ని ఫేవరెట్ అంటారు. అన్ని పందేలనూ కలిపి చూస్తే ఫేవరెట్‌లు సుమారు మూడింట ఒక వంతు గెలుస్తాయన్నది అక్కడి దీర్ఘకాల అనుభవం. అంటే లోకమంతా ఏకమై చెప్పిన మాట కూడా మూడుసార్లలో రెండుసార్లు తప్పుతున్నదని తెలుసుకోవాలి.

బుకీ ఏ గుర్రం గెలిచినా నష్టపోని రీతిలో ధరలు అమరుస్తాడు. నాలుగు సమాన బలం గల గుర్రాలు ఉన్నాయనుకుందాం. న్యాయంగా ఒక్కొక్క దాని ధర 3కి 1 ఉండాలి. బుకీ 2కి 1 ఇస్తాడు. నాలుగింటి మీదా తలా వంద కట్టించుకుంటే అతనికి వచ్చేది 400, గెలిచిన వానికి చెల్లించేది అసలుతో కలిపి 300. మిగిలిన నూరు రూపాయలు అతనివే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపితే పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది, కాని పందెం కట్టేవారిలో దానిని వేసుకునేవారు బహు తక్కువ.

ఋతువు మొదలు కాకముందే కట్టే పందెంలో ధర ఆకర్షణీయంగా ఉంటుంది. దానికి కారణం ఉన్నది. గుర్రం గాయపడినా, జబ్బుపడినా, యజమాని మనసు మార్చుకుని వేరొక పందేనికి పంపినా, కట్టిన సొమ్ము పోయినట్లే. పందెంలో దిగకపోతే డబ్బు తిరిగి ఇస్తామనే వెసులుబాటు సాధారణంగా పందెం దగ్గరపడ్డాకనే వస్తుంది. 2023లో చాంపియన్ హర్డిల్ గెలిచి, మరుసటి ఏడాది కూడా తిరుగులేదనిపించుకొన్న కాన్‌స్టిట్యూషన్ హిల్, అనారోగ్యం వల్ల 2024 మార్చి పందేనికి అసలు రానే లేదు.

లెక్క తప్పిన సందర్భాలు

ఆ గుర్రమే 2025 మార్చిలో తిరిగి వచ్చింది. అప్పటికి ఓటమి ఎరుగదు. ధర 1కి 2. అయిదో హర్డిల్ దగ్గర పడిపోయింది. అప్పుడు గెలుపు 2024 విజేత స్టేట్ మాన్‌దే అనుకున్నారు. అది అందరికంటె ముందుండి చివరి హర్డిల్ దగ్గర పడిపోయింది. వెనుక నుంచి వచ్చిన గోల్డెన్ ఏస్ అనే ఆడగుర్రం 25కి 1 ధరతో గెలిచింది. కాన్‌స్టిట్యూషన్ హిల్ తరువాతి నెలలో ఎయింట్రీలోనూ పడిపోయింది. అదే ఉత్సవపు చివరి రోజున, వరుసగా మూడో గోల్డ్ కప్ ఖాయమన్న గాలోపాన్ దే షాన్‌ను, ఇనోదవేయర్‌థింకిన్ అనే గుర్రం ఓడించింది. దాని పేరు మొదటి జాబితాలో లేదు, యజమాని అదనపు రుసుము చెల్లించి చివరలో చేర్పించారు. అక్టోబరులో ఈ పందెం గురించి రాసినవారి దృష్టిలో అది ఎక్కడ ఉండి ఉంటుందో ఊహించవచ్చును.

పాతవి చూస్తే ఇంకా విచిత్రం. 1956 గ్రాండ్ నేషనల్‌లో రాజమాత గుర్రం డెవన్ లాక్ కంచెలన్నీ దాటి, గమ్యానికి కొద్ది గజాల దూరంలో, అడ్డంకి ఏదీ లేని చోట ఉన్నట్టుండి కాళ్లు చాపి కూలబడింది. దానిపై ఉన్న జాకీ డిక్ ఫ్రాన్సిస్ తరువాత ప్రఖ్యాత నవలాకారుడయ్యారు. ఎందుకు కూలిందో నేటికీ ఎవరూ నిర్ధారించలేదు. 1967లో ఒక కంచె ముందు రౌతు లేని గుర్రం అడ్డం తిరగడంతో గుర్రాలన్నీ కుప్పపడిపోయాయి. చాలా వెనుకబడి వస్తున్న ఫాయినావన్ ఆ గందరగోళం పక్కనుంచి దారి చూసుకుని, దూకి, 100కి 1 ధరతో గెలిచింది. ఆ కంచెకు నేడు దాని పేరే.

అయితే పల్లెవాసులు ఇష్టపడి చెప్పుకోదగినది 1990 నాటి గోల్డ్ కప్ కథ. ఆ ఏడు జనమంతా డెజర్ట్ ఆర్కిడ్ అనే తెల్లని గుర్రం వెంట ఉన్నారు. అది మునుపటి ఏడాది విజేత. పోటీలో వేల్స్ దేశపు పాడిరైతు సిరెల్ గ్రిఫిత్స్ గుర్రం నార్టన్స్ కాయిన్ కూడా ఉన్నది. ఆయనకు పెద్ద శాల లేదు, చేతిలో రెండుమూడు గుర్రాలు. పందెంనాటి తెల్లవారుజామున ఆవులకు పాలు పితికి, ఆ తర్వాతనే గుర్రంతో చెల్టెన్‌హామ్ బయలుదేరారు. బుకీలు ఇచ్చిన ధర 100కి 1. చివరి కంచె దాటాక టోబీ టోబయాస్‌తో పోరాడి ఆ గుర్రం గెలిచింది. డెజర్ట్ ఆర్కిడ్‌ది మూడో స్థానం. గోల్డ్ కప్ చరిత్రలో అంత ఎక్కువ ధరకు గెలిచిన గుర్రం మరొకటి లేదు.

జాకీల విషయంలోనూ అంతే. ఏ.పి. మకాయ్ వరుసగా ఇరవై ఏళ్లు అగ్రస్థానంలో నిలిచి, 4,300కు పైగా పందేలు గెలిచినవాడు. గ్రాండ్ నేషనల్ మాత్రం ఒక్కసారే, 2010లో. 2021లో ఆ పందెం గెలిచిన తొలి మహిళగా రేచల్ బ్లాక్‌మోర్ చరిత్రకెక్కింది. ఆమె 2025లో విరమించుకున్నది.

గుర్రాలకు కట్టవలసిన ధర

జోస్యాలలో ఎవరూ లెక్కించని అంశం ప్రాణం. 2012 గ్రాండ్ నేషనల్‌లో రెండు గుర్రాలు మరణించాయి. ఆ తరువాత, 2013 నుంచి, కంచెల లోపలి కర్ర దిమ్మెలు తీసి వంగే ప్లాస్టిక్ అమర్చారు. 2023లో హిల్ సిక్స్‌టీన్ మొదటి కంచె దగ్గరే పడి మరణించింది. ఆనాడు జంతు సంరక్షణ కార్యకర్తలు మైదానంలోకి చొరబడగా వందమందికి పైగా అరెస్టయ్యారు. 2024 నుంచి గుర్రాల సంఖ్య 40 నుంచి 34కు తగ్గించారు, మొదటి కంచెను ఆరంభ స్థానానికి దగ్గరగా జరిపారు, అందువల్ల గుర్రాలు ఎక్కువ వేగంతో దానిని చేరవు. ఆ ఏడాది 32 గుర్రాలు పరుగెత్తగా ఒక్కటీ పడిపోలేదు. 2025లో మాత్రం పందెం చివర కూలబడిన సెలెబ్ర్ దాలెన్ అనే పదమూడేళ్ల గుర్రం కొద్ది రోజులకు చనిపోయింది. మొత్తం 30 దూకుళ్లు, దాదాపు ఏడు కిలోమీటర్లు. రక్షణ ఎంత పెంచినా ఈ పందెం నుంచి ప్రమాదాన్ని పూర్తిగా తీసివేయడం సాధ్యం కాదని నిర్వాహకులు సైతం అంగీకరిస్తారు. ఎడ్లపందేలపై సుప్రీంకోర్టు 2014లో విధించిన నిషేధం, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు తెలిసిన సరిహద్దు జిల్లాల వారికి ఈ వాదోపవాదాలు కొత్త కావు.

ఫోనులో వచ్చే జోస్యాలు

భారతదేశంలో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదని, కేవలం జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు మదరాసు పందేల కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పును చూపి, విదేశీ పందేలపై ఫోనులో డబ్బు కట్టడం కూడా చట్టబద్ధమేనని చెప్పే దళారులు ఉన్నారు. ఆ మాట నమ్మరాదు. ఆ తీర్పు మైదానంలో, అనుమతి పొందిన క్లబ్బు నిర్వహించే పందేలకు సంబంధించినది.

సరిహద్దు గ్రామాలలో ఈ గందరగోళం మరీ ఎక్కువగా ఉండేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కర్ణాటక 2021లో చేసిన సవరణలోని ముఖ్య భాగాలను 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. గట్టుకు ఇటు నేరమైనది అటు నేరం కాదన్నట్లు ఉండేది వ్యవహారం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒకే చట్టం చేసింది. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, అవి నైపుణ్యమైనా అదృష్టమైనా, అందులో నిషిద్ధం. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడి నష్టపోయినవారిని ఆ చట్టం నేరస్థులుగా చూడదు గనుక, భయపడి దాచుకోవలసిన అవసరం లేదు.

చెల్టెన్‌హామ్ ఖాయం టిప్పులు అంటూ ముందుగా రుసుము అడిగే సందేశాలలో ఒక పాత మోసం ఉన్నది. ఎనిమిది గుర్రాల పందేనికి ఎనిమిది వందల మందికి, నూరేసి మందికి ఒక్కొక్క గుర్రం పేరు పంపుతారు. గెలిచిన గుర్రం పేరు అందుకొన్న నూరుమందికి ఆ పంపినవాడు మహాజ్ఞాని అనిపిస్తాడు. రెండో పందేనికి ఆ నూరుమందినే మళ్లీ పంచుతారు. వరుసగా రెండుసార్లు నిజమైన జోస్యం అందుకొన్న పన్నెండు పదముగ్గురు, మూడోసారి అడిగినంత కట్టడానికి సిద్ధంగా ఉంటారు. ఇలాంటి వాటిలో సొమ్ము పోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే, బదిలీ అయిన డబ్బును బ్యాంకులో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.